జెండా స్టిక్కరు పీకాక చొక్కా మీద మిగిలే జిగురు సంగతి

అందరికీ నమస్కారం. ముందు ఈ చొక్కా జేబు చూడండి. కెమెరాకు దగ్గరగా పెడతాను. అగ్గిపెట్టెలో సగమంత మేర మసకగా ఉంది కదా? వేలితో తాకితే ఇంకా జిగటగానే ఉంది. నిన్న, డిసెంబరు 7న, మా వారు ఆఫీసులో అంటించుకున్న సాయుధ దళాల పతాక దినోత్సవం స్టిక్కరు ఇది. రాత్రి పీకితే కాగితం పైపొర వచ్చింది, అడుగు జిగురుతో సహా ఉండిపోయింది. ఈ ఉదయం చొక్కా ఇస్త్రీ బండికి వెళుతుంటే గుమ్మం దగ్గర పట్టుకున్నాను.

1949 నుంచి ఏటా ఈ రోజున మాజీ సైనికుల కోసం, అమరవీరుల కుటుంబాల కోసం చందాలు పోగు చేస్తారు. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగులు త్రివిధ దళాలకు గుర్తు. తూర్పు నౌకాదళ కేంద్రం మన విశాఖలోనే ఉంది, డబ్బా ముందుకు చాపితే వేయకుండా ఎలా ఉంటాం? వేయండి. నా గొడవంతా ఆ జెండాను ఎక్కడ అంటించుకుంటున్నామన్నదాని గురించే.

ఈ జిగురు మైదా జిగురులా ఆరి గట్టిపడేది కాదు. ఎప్పటికీ మెత్తగా ఉండి, ఒత్తిన కొద్దీ పోగుల మధ్యకు జారుతుంది. ఒంటి వేడి, మన సముద్రతీరపు ఉక్కపోత దానికి తోడవుతాయి. అయినా అప్పటికి పెద్ద నష్టమేమీ ఉండదు, అసలు నష్టం ఇస్త్రీ పెట్టెతో జరుగుతుంది. ఆ వేడికి జిగురు పలచబడి దారం లోపలికి ఇంకిపోతుంది. నా ఆకుపచ్చ పట్టుచీర అలాగే పాడైంది, తప్పు పూర్తిగా నాదే. ఇప్పుడు మరక మడతలోకి పోయేలా పైట సర్దుకుని కడుతున్నాను.

సరే, పని మొదలుపెడదాం. ఇది నూలు చొక్కా. ప్లాస్టిక్ సంచిలో మంచు ముక్కలు వేసి మరక మీద పది నిమిషాలు ఉంచాను. చల్లదనానికి జిగురు బిరుసెక్కుతుంది. ఇప్పుడు గడువు తీరిన ఏటీఎం కార్డు అంచుతో, పోగు పోయే దిక్కుగా మెల్లగా గీకుతున్నాను. చూడండి, నలుగు పిండి రాలినట్టు సన్నటి ఉండలుగా వస్తోంది. ఇదంతా రాలేదాకా ఏ ద్రవమూ పోయకండి, పోస్తే మరక పరుచుకుంటుంది.

మిగిలిన పొరకు నీలగిరి తైలం. మందుల దుకాణంలో చిన్న సీసా దొరుకుతుంది. ముందు చొక్కా లోపలి అంచున ఒక చుక్క వేసి రంగు పోతుందేమో చూసుకోండి. మరక ఉన్న వైపు కిందికి తిప్పి, అడుగున తెల్లటి పాతగుడ్డ పరిచి, వెనుక నుంచి దూదితో అద్దండి. రుద్దకండి, అద్దండి. జిగురు కింది గుడ్డలోకి దిగుతుంది. గుడ్డ జరుపుతూ మూడు నాలుగు సార్లు చేయాలి. పొయ్యి దగ్గర మాత్రం వద్దు, ఇది మండే నూనె. తరువాత గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు వేసి చన్నీళ్లతో ఉతికితే జిడ్డు పోతుంది. గోళ్ల రంగు తుడిచే ద్రవం వాడవచ్చా అంటే, నేనైతే వాడను. అసిటేట్ అనే, పట్టులా మెరిసే కృత్రిమ గుడ్డతో లైనింగు ఉంటే దాన్ని అది కరిగించేస్తుంది.

పట్టుకు ఇవేవీ చేయకండి. నీటి చుక్క పడినా మచ్చ మిగిలే గుడ్డ అది. ఏమీ పూయకుండా డ్రైక్లీనింగుకు ఇచ్చి, అది జిగురు మరక అని నోటితో చెప్పండి.

గుండుసూదితో పెట్టే జెండాల సంగతి వేరు. పొందూరు ఖద్దరు లాంటి నేత గుడ్డలో సూది సాధారణంగా పోగులను పక్కకు నెడుతుందంతే. గోటితో అటూ ఇటూ దువ్వి కాస్త ఆవిరి పట్టిస్తే కంత పూడుతుంది. టీషర్టు అల్లిక గుడ్డ. అందులో ఒక్క ఉచ్చు తెగినా, సాగిన కొద్దీ చిల్లు పెద్దదవుతుంది. ఉతకకముందే వెనుక నుంచి రెండు కుట్లు వేయండి. మన ఉప్పుగాలికి సూది త్వరగా తుప్పు పడుతుంది కూడా. తెల్లటి నూలు మీద తుప్పు మరకకు నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టి ఉతకండి. బ్లీచింగ్ పోస్తే ఆ మరక ఇంకా ముదురుతుంది.

వచ్చే ఏడాది నుంచి మా ఇంట్లో జెండా గుర్తింపు కార్డు పట్టీ మీదకో, సంచి పట్టీ మీదకో వెళుతుంది. అంటించేవారికి ముందే చేయి చూపిస్తే వారేమీ అనుకోరు.

చొక్కా ఆరింది. కిటికీ దగ్గర వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తున్నాను. జేబు మూల సన్నటి నీడ ఇంకా ఉంది, మీకు కనిపిస్తోందా? అక్కడ మరోసారి తైలం అద్దాలి. అది పోయేదాకా ఇస్త్రీ బండికి పంపను.