వీపు వెనక దిక్కు

శ్రోతలందరికీ నమస్కారమండీ. ఈరోజు చైనావాళ్ళ ఉత్తరం గురించి మాట్లాడుకుందాం, దిక్కు గురించి చెప్పుకోడానికి ఏముంటుంది అనుకోకండి, ఆ దేశం చరిత్రలో చాలా పెద్ద దెబ్బలు ఆ వైపు నుంచే తగిలాయి, రాజధాని కూడా ఆ వైపే వెళ్ళి కూర్చుంది.

చైనా భాషలో ఉత్తరాన్ని బెయ్ అంటారు. మూడు వేల ఏళ్ళ కిందట ఎముకల మీద గీసిన రాతల్లో ఆ అక్షరం ఇద్దరు మనుషులు వీపు వీపు ఆనించి నిలబడినట్టు ఉంటుంది, అంటే ముందు వీపు, తర్వాతే దిక్కు. అక్కడ చలికాలం ఎండ దక్షిణం నుంచి పడుతుంది, ఎముకలు కొరికే గాలేమో ఉత్తరం నుంచి కొడుతుంది, అందుకని ఇంటి గుమ్మం దక్షిణానికి పెట్టుకుని ఉత్తరానికి గోడ కట్టేస్తారు. రాజు కూర్చునేదీ అలాగే, దక్షిణం మొహంగా. ఎదురుగా మంత్రులు ఉత్తరం మొహంగా నిలబడాలి, కాబట్టి పాత గ్రంథాల్లో ఫలానావాడు ఉత్తరం వైపు తిరిగాడు అని ఉంటే లొంగిపోయి కొలువులో చేరాడన్నమాట. యుద్ధంలో ఓడిపోవడం అన్నా శత్రువుకి వీపు చూపించడమేగా, ఆ మాటలోనూ ఇదే అక్షరం ఉంది, ఇప్పటికీ ఆటల వార్తల్లో ఒక టీమ్ ఓడితే ఆ మాటే రాస్తారు.

మరి ఆ వీపు వెనక ఏముంది? గడ్డి మైదానాలు, గుర్రాలు, విలుకాళ్ళు. చైనా మహాకుడ్యం కట్టింది వాళ్ళని ఆపడానికే. 1127లో జుర్చెన్లు అనే ఉత్తరాది జాతివాళ్ళు దిగి, అప్పట్లో చైనాని ఏలుతున్న సోంగ్ వంశం రాజధాని కైఫెంగ్‌ని పట్టుకున్నారు, చక్రవర్తినీ, అప్పటికే గద్దె దిగిపోయిన ఆయన తండ్రి హుయిజోంగ్‌నీ, రాణులనీ పిల్లలనీ అందరినీ ఉత్తరానికి తోలుకుపోయారు. ఈ హుయిజోంగ్ గొప్ప చిత్రకారుడండీ, పక్షుల్నీ పూలనీ అంత సున్నితంగా గీసిన రాజు ఇంకొకడు లేడేమో, ఆయన సన్నటి దస్తూరీని ఇప్పటికీ జనం కూర్చుని సాధన చేస్తారు, అలాంటి మనిషి 1135లో ఎక్కడో ఈశాన్యం చివర చలిదేశంలో ఖైదీగా చచ్చిపోయాడు. దక్షిణానికి పారిపోయి బతికిన సోంగ్ వాళ్ళకి మా రాజులు బందీలయ్యారు అని రాయడానికి చెయ్యి రాలేదు. ఇద్దరు చక్రవర్తులూ ఉత్తరానికి వేటకి వెళ్ళారు అని రాసుకున్నారు. నాకైతే ఆ ఒక్క వాక్యం చదివితే కడుపు తరుక్కుపోతుంది.

ఇంత భయపెట్టిన దిక్కుకి రాజధాని ఎందుకు పట్టుకెళ్ళారు అంటే అక్కడ యోంగ్లే కథ చెప్పుకోవాలి. మింగ్ వంశంలో మూడో చక్రవర్తి, 1402లో అన్న కొడుకు దగ్గర గద్దె లాక్కున్నాడు, ఆయన బలగం అంతా ఉత్తరంలోనే, మంగోలుల మీద కన్నేసి ఉంచాలన్నా అక్కడే ఉండాలి, అందుకే 1421లో నాన్‌జింగ్ వదిలి బీజింగ్‌ని రాజధాని చేశాడు. నాన్‌జింగ్ అంటే దక్షిణ రాజధాని, బీజింగ్ అంటే ఉత్తర రాజధాని. కోట చుట్టూ కందకం తవ్విన మట్టిని సరిగ్గా ఉత్తరాన గుట్టగా పోశారు, రాజుగారి వీపుకి కాపుగా. జింగ్‌షాన్ అంటారు దాన్ని. 1644లో తిరుగుబాటు సైన్యం నగరంలోకి వచ్చేసినప్పుడు ఆఖరి మింగ్ చక్రవర్తి ఆ గుట్ట దగ్గరికే వెళ్ళి ఉరేసుకున్నాడు, ఆ వెంటనే ఈశాన్యం నుంచి మంచూలు వచ్చి గద్దెక్కారు, వాళ్ళ వంశం పేరే చింగ్.

ఇప్పుడు గోడలతో పనిలేదు గానీ ఉత్తరం దక్షిణం తేడా అలాగే ఉంది. చిన్‌లింగ్ కొండలు, హుయాయ్ నది కలిపి ఒక గీత అనుకోండి, పైన గోధుమ, కింద వరి. గీతకి పైనున్న ఊళ్ళలో చలికాలం ఇళ్ళకి సర్కారు ఏర్పాటుతో పైపుల్లో వేడి వస్తుంది, బీజింగ్‌లో మామూలుగా నవంబర్ 15 నుంచి మార్చి 15 దాకా, కింద షాంఘై, వూహాన్ లాంటి చోట్ల ఆ ఏర్పాటు లేదు. మెడిసిన్ చదవడానికి వెళ్ళిన మన పిల్లల్ని అడగండి, ఎక్కడ చదివారో దాన్నిబట్టి చలికాలం కథ మారిపోతుంది.

ఉత్తరాన రాజధాని పెట్టారు సరే, దాని కడుపు నింపింది మాత్రం ఎప్పుడూ దక్షిణమే. మింగ్, చింగ్ కాలాల్లో యాంగ్‌ట్సీ నది వైపు నుంచి బియ్యం పెద్ద కాలవ మీద పడవల్లో వచ్చేది. ఇప్పుడు నీళ్ళే వస్తున్నాయి, మధ్య చైనాలోని దాన్‌జియాంగ్‌కౌ జలాశయం నుంచి 1,200 కిలోమీటర్ల పైన కాలవ తవ్వి 2014 డిసెంబర్‌లో బీజింగ్‌కి నీళ్ళు అందించారు. ఆ జలాశయం మట్టం పెంచడానికి మూడు లక్షల మందికి పైగా ఊళ్ళు ఖాళీ చేయాల్సొచ్చింది. ప్రాజెక్టుల కింద ఊరు పోగొట్టుకున్న మనవాళ్ళకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. బీజింగ్ కుళాయిల్లో ఇవాళ వచ్చే నీళ్ళలో ఎక్కువ భాగం వాళ్ళు వదిలేసి వెళ్ళిన ఆ లోయవే.