చెకిన్ బ్యాగ్‌లో ఫుడ్ ఎందుకు కారుతుంది, ఎలా ప్యాక్ చెయ్యాలి

(టేబుల్ మీద తెరిచిన సూట్‌కేస్, పక్కన రెండు ప్లాస్టిక్ డబ్బాలు, కొన్ని పౌచ్‌లు)

హాయ్ అండి. ఇదిగో ఈ సూట్‌కేస్ లోపల క్లాత్ మీద ఈ మరక చూస్తున్నారా, మూడుసార్లు ఉతికినా పోలేదు. మూత గట్టిగా బిగించా, టేప్ చుట్టా, పైన కవర్ కూడా తొడిగా, అయినా దిగి బ్యాగ్ తెరిచేసరికి పచ్చడిలో ఉండాల్సిన నూనె నా చొక్కాల్లో ఉంది. అప్పుడు డబ్బా చేసినోళ్ళని తెగ తిట్టుకున్నా, కానీ తప్పు నాదే, డబ్బాలో పావు వంతు ఖాళీ వదిలేశా.

ఖాళీకి నూనెకి ఏంటి సంబంధం అంటారా, చెప్తా. విమానం పైకి వెళ్ళాక లోపల గాలి ఒత్తిడి నేల మీద ఉన్నంత ఉండదు, 6000 నుంచి 8000 అడుగుల కొండ మీద ఎంత ఉంటుందో అంతకి తగ్గుతుంది, అంటే సముద్ర మట్టం దగ్గరతో పోలిస్తే సుమారు ముప్పావు వంతు. కింద సామాన్లు పెట్టే చోట అసలు గాలే ఉండదు, అన్నీ గడ్డకట్టేస్తాయి అని కొందరు అనుకుంటారు, కాదండి, మామూలు ప్యాసింజర్ జెట్‌లో కింద కూడా మనం కూర్చునే చోట ఉన్న ఒత్తిడే ఉంటుంది. ఇప్పుడు డబ్బాలో 300 మిల్లీలీటర్ల గాలి ఉందనుకోండి, పైకెళ్ళాక అది దాదాపు 400 అవ్వాలని చూస్తుంది. డబ్బా నిలబడి ఉంటే ఆ ఎక్కువ గాలి మూత సందులోంచి బుస్సుమని పోతుంది, గొడవే లేదు. కానీ మన బ్యాగ్ నిలబడి ఎక్కడ వెళ్తుందండీ, పడుకునో తలకిందులుగానో వెళ్తుంది, అప్పుడు మూత దగ్గర ఉన్నది గాలి కాదు నూనె, వెనక నుంచి గాలి దాన్ని తోస్తూ ఉంటుంది. టేప్ ఎంత చుట్టినా ఆ తోపుకి ఎక్కడో ఒక సందు దొరుకుతుంది.

(ఒక డబ్బాలో రంగు నీళ్ళు సగం పోసి, పక్కకి పడుకోబెట్టి చూపించాలి)

కాబట్టి చెయ్యాల్సింది గాలి తీసెయ్యడం. మందంగా ఉండే పౌచ్ అయితే అన్నిటికంటే మంచిది, సీల్ మెషిన్ లేకపోయినా పర్లేదు, జిప్ పౌచ్‌లో పచ్చడో సాసో వేసి, మూల కొంచెం తెరిచి ఉంచి, గిన్నెడు నీళ్ళలో మెల్లగా దించండి, నీళ్ళు చుట్టూ నొక్కి గాలిని పైకి నెట్టేస్తాయి, ఆ మూల నీళ్ళలో మునగకముందే మూసెయ్యండి. తర్వాత ఇంకో పౌచ్, దాని మీద గట్టి డబ్బా, డబ్బాలో టిష్యూలు. డబ్బాలోనే తీసుకెళ్తా అంటే అంచుదాకా నింపి, క్లింగ్ ఫిల్మ్ పరిచి, దాని మీద మూత బిగించండి, అప్పుడు టేప్‌కి ఒక అర్థం ఉంటుంది. గాజు సీసాలు నేనైతే పెట్టను, పెట్టక తప్పదంటే బట్టల మధ్యలో పెట్టండి, చక్రాల వైపు మాత్రం వద్దు, దెబ్బలన్నీ అక్కడే.

కరకరలాడేవి, స్వీట్లు, ఇవి కారవు కానీ పొడైపోతాయి. డబ్బాలో అటూ ఇటూ ఊగకుండా పైదాకా సర్దాలి, అంతే.

ఇప్పుడు కొంచెం సీరియస్ విషయం. వాక్యూమ్ ప్యాక్ చేసేశాం కాబట్టి ఏదైనా నిల్వ ఉంటుంది అని చాలామంది ధైర్యం, అది మాత్రం తప్పు. బొట్యులినమ్ అనే బ్యాక్టీరియాకి గాలి లేకపోవడమే కావాలి, వండిన కూర, మాంసం, నూనెలో వేసిన పచ్చి వెల్లుల్లి, ఇలా పులుపు లేని తడి పదార్థాలు గాలి తీసేసి బయట పెడితే దానికి పండగే, పైగా అది వదిలే విషం వాసనలో తెలియాలని లేదు. బాగా పుల్లగా ఉన్నవాటిలో, అంటే పీహెచ్ (పులుపు కొలిచే లెక్క, ఎంత తగ్గితే అంత పులుపు) 4.6 కంటే తక్కువున్న వాటిలో, అది పెరగదు, బాగా ఎండిన వాటిలో కూడా పెరగదు. వండినవి తీసుకెళ్ళాలంటే రాయిలా గడ్డకట్టించి, ఐస్ ప్యాక్‌లతో కలిపి ఇన్సులేటెడ్ బ్యాగ్‌లో పెట్టండి, దిగేసరికి ఇంకా గట్టిగా చల్లగా ఉందా చూడండి, మెత్తబడి వెచ్చగా ఉంటే పారెయ్యడమే, మనసొప్పదు నాకు తెలుసు.

డ్రై ఐస్, అంటే గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్, వాడొచ్చు, మనిషికి 2.5 కిలోల దాకా, కానీ ముందే ఎయిర్‌లైన్‌ని అడిగి ఒప్పించుకోవాలి, పెట్టెకి గాలి పోయే దారి ఉండాలి. ఒక కిలో డ్రై ఐస్ కరిగితే 500 లీటర్లకి పైగా గ్యాస్ అవుతుంది, అది మూసిన డబ్బాలో పెడితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

ఫుడ్డే కదా అని పెట్టేసి ఇరుక్కునేవి కొన్ని ఉన్నాయి. ఎండు కొబ్బరి అందులో ఒకటి, నమ్మరు గానీ విమానాల ప్రమాదకర సరుకుల లిస్టులో దానికి యూఎన్ 1363 అని నంబరే ఉంది, నూనె ఎక్కువ ఉండి దానంతటదే వేడెక్కగలదు కాబట్టి. నీళ్ళు పోస్తే వాటంతటవే వేడెక్కే మీల్ ప్యాకెట్ల హీటర్లు కూడా వద్దు. తాగే మందులో ఆల్కహాల్ 24 శాతం దాటి 70 శాతం దాకా ఉంటే మనిషికి 5 లీటర్లు, అదీ షాపు సీల్‌తోనే, అంటే ఇంట్లో కాచింది కుదరదు. 70 దాటితే అసలే లేదు.

స్కానింగ్ దగ్గర ఇంకో తలనొప్పి. ముద్దలు, పొడులు, తేనె లాంటి చిక్కటివి ఎక్స్‌రేలో అనుమానంగా కనిపిస్తాయి, కాబట్టి బ్యాగ్ తెరవడం మామూలే, తెరిచినోళ్ళు మనంత ఓపిగ్గా మళ్ళీ కట్టరు. అందుకే ఫుడ్ అంతా ఒక్కచోట, పారదర్శకంగా ఉండే పౌచ్‌లలో పెట్టి, పైన ఏంటో ఇంగ్లీషులో రాసి అంటించండి, ఇంట్లో చేసినవైతే ఏమేం వేశారో కూడా రాయండి. అల్యూమినియం ఫాయిల్ చుట్టకండి, లోపల ఏముందో సరిగ్గా కనపడక ఇంకా అనుమానిస్తారు.

ఆ రాసిన చీటీ దిగిన చోట కస్టమ్స్‌లో కూడా పనికొస్తుంది. బ్యాగ్ ఎక్కనిచ్చారు కాబట్టి దించనిస్తారు అనుకోకండి, రెండూ వేరు రూల్స్. మాంసం, పాలతో చేసినవి, పచ్చి పళ్ళు, విత్తనాలు, వీటితోనే ఎక్కువ గొడవ, బయటి దేశాల మాంసం పాలు యూరోపియన్ యూనియన్‌లోకి మామూలుగా తేనివ్వరు, న్యూజిలాండ్‌లో చెప్పకుండా తెస్తే అక్కడికక్కడే 400 డాలర్లు కట్టిస్తారు. ఫామ్‌లో ఫుడ్ ఉందా అంటే ఉంది అని టిక్ పెట్టండి, నిజం చెప్తే మహా అయితే తీసి పారేస్తారు. ఇంకోటి, అమెరికాలో ఇంకో విమానం మారాలంటే మామూలుగా మొదట దిగిన ఎయిర్‌పోర్ట్‌లోనే బ్యాగ్ తీసుకుని మళ్ళీ ఇవ్వాలి, ఆ మధ్యలో జామ్ సీసా తీసి చేతి బ్యాగ్‌లో వేసుకున్నారో, తర్వాత సెక్యూరిటీ దగ్గర, చేతి బ్యాగ్‌లో ద్రవాల సీసా 100 మిల్లీలీటర్లు దాటకూడదన్న రూల్‌కి దొరికిపోతారు.

(డబ్బా మూత తీస్తూ)

ఇల్లు చేరాక మూత రాకపోతే కంగారు పడకండి. పైన ఉన్నప్పుడు కొంత గాలి బయటికి పోయింది, కిందికి దిగాక బయటి గాలి మూతని నొక్కేస్తోంది, అంతే. స్పూన్ కొసతో అంచు కొంచెం ఎత్తండి, ఇలా... టక్‌మని శబ్దం వచ్చిందా, ఇక వచ్చేస్తుంది.