వీపీఎన్ ఆన్ చేశాం సరే, దాగిందేమిటి?

అందరికీ నమస్కారం.

అనంతపురంలో ఇంటి నుంచే బెంగళూరు కంపెనీలకు పనిచేసే పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్లకు వీపీఎన్ (వర్చువల్ ప్రైవేట్ నెట్‌వర్క్) అంటే ఆఫీసు సర్వర్‌లోకి పోయే దారి. మిగతావాళ్లలో చాలామందికి అది ప్లేస్టోర్‌లో ఉచితంగా దొరికే యాప్, ఆన్ చేస్తే మనల్ని ఎవరూ ఏమీ చేయలేరన్న ధైర్యం. ఆ ధైర్యం ఎంతవరకు నిజమో ఈరోజు చూద్దాం.

ఉత్తరంతో పోల్చి చెబుతాను. సైటు అడ్రసులో హెచ్‌టీటీపీఎస్ ఉందంటే మీ ఉత్తరం అప్పటికే అంటించిన కవరులో ఉన్నట్టు. లోపలి పాస్‌వర్డు దారిలో ఎవరికీ కనబడదు. పైనున్న చిరునామా, అంటే మీరు ఏ సైటుకు పోతున్నారన్నది, నెట్ కంపెనీకీ లాడ్జి వైఫై నడిపేవాళ్లకూ తెలుస్తుంది. వీపీఎన్ ఆ కవరును ఇంకో పెద్ద కవరులో పెట్టి, తన సర్వర్ చిరునామా రాస్తుంది. అక్కడ పై కవరు విప్పి లోపలిదాన్ని అసలు చోటికి పంపుతుంది. నెట్ కంపెనీ చూడలేని చిరునామాలన్నీ ఇప్పుడు వీపీఎన్ కంపెనీ చూస్తుంది.

అందుకే ఆ కంపెనీ ఎవరిదన్నది ముందు తేలాలి. 2016లో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓ పరిశోధకులు మరికొందరితో కలిసి 283 ఆండ్రాయిడ్ వీపీఎన్ యాప్‌లను పరీక్షిస్తే, 18 శాతం అసలు ఎన్‌క్రిప్షనే, అంటే డేటాను ఇతరులు చదవలేని రూపంలోకి మార్చడమే, చేయడం లేదని తేలింది. హోలా అనే ఉచిత సర్వీసు, వాడేవాళ్ల నెట్ కనెక్షన్‌నే ఇతరులకు అమ్ముతోందని 2015లో బయటపడింది. అలాంటిచోట ఎవరో చేసిన పని మీ ఐపీ అడ్రసు (నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తించే నంబరు) మీద నమోదవుతుంది. ఉచిత యాప్‌ల మీద నాకున్న భయం ఇదే.

మన దేశంలో వీపీఎన్ వాడటం నేరం కాదు. అయితే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, సర్వీసు ఇచ్చేవాళ్లు వినియోగదారుల పేరు, చిరునామా, ఫోన్ నంబరు, కేటాయించిన ఐపీ వివరాలు అయిదేళ్లు ఉంచాలి.

ఇక సెట్టింగులు. ఆండ్రాయిడ్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లోకి పోయి, వీపీఎన్ తెరిచి, యాప్ పేరు పక్కనున్న గేర్ గుర్తు నొక్కండి. ‘ఆల్వేస్ ఆన్ వీపీఎన్’, దాని కింద ‘బ్లాక్ కనెక్షన్స్ వితౌట్ వీపీఎన్’ కనబడతాయి. రెండూ ఆన్ చేయండి. ధర్మవరం బస్సులో సిగ్నల్ తెగి మళ్లీ వచ్చినప్పుడు వీపీఎన్ కూడా తెగితే, రెండోది లేని ఫోన్ చెప్పాపెట్టకుండా మామూలు నెట్ మీదికి పోతుంది. బ్యాటరీ సెట్టింగులో ఆ యాప్‌ను ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ చేయండి, లేకపోతే కొన్ని ఫోన్లు స్క్రీన్ ఆఫ్ కాగానే దాన్ని చంపేస్తాయి.

ఇలా పెట్టాక స్టేషన్ వైఫైలో ఓటీపీ అడిగే లాగిన్ పేజీ తెరుచుకోకపోవచ్చు. వీపీఎన్ లేనిదే ఏదీ బయటికి పోకూడదన్నారు కాబట్టి ఆ పేజీ కూడా ఆగుతుంది. ఆ నిమిషం బ్లాక్ తీసి, లాగిన్ అయ్యి, మళ్లీ పెట్టండి. వైర్‌గార్డ్, ఓపెన్‌వీపీఎన్ అనేవి వీపీఎన్ కనెక్ట్ అయ్యే రెండు పద్ధతులు. వైర్‌గార్డ్ కనెక్ట్ కాకపోతే, అది డేటా పంపడానికి వాడే యూడీపీ అనే పద్ధతిని ఆ వైఫైలో ఆపి ఉండొచ్చు. ఓపెన్‌వీపీఎన్‌ను టీసీపీ 443 పోర్టు మీద, అంటే హెచ్‌టీటీపీఎస్ సైట్లు వాడే దారిలోనే, ప్రయత్నించండి. కనెక్ట్ అయినా పేజీలు సగంలో నిలిచిపోతుంటే యాప్‌లో ఎంటీయూను (ఒకసారికి పంపే డేటా ముక్క గరిష్ఠ సైజు) 1420 నుంచి 1280కి దించి చూడండి.

వీపీఎన్ ఆన్‌లో ఉన్నా మీ అసలు అడ్రసు బయటపడుతోందేమో చూసే లీక్ పరీక్ష తప్పనిసరి. వీపీఎన్ ఆన్ చేయకముందు, చేశాక ఐపీలీక్ డాట్ నెట్ తెరవండి. ఐపీ అడ్రసుల్లో పాత రకం ఐపీవీ4, కొత్త రకం ఐపీవీ6. జియోలో ఐపీవీ6 వాడకం చాలా ఎక్కువ. ఐపీవీ4ను మాత్రమే దాచే యాప్ అయితే మీ అసలు ఐపీవీ6 అడ్రసు అక్కడ అలాగే కనబడుతుంది. డీఎన్‌ఎస్ (సైటు పేరుకు ఐపీ అడ్రసు వెతికిపెట్టే సర్వర్) వరుసలో మీ నెట్ కంపెనీ పేరున్నా లీక్ అవుతున్నట్టే.

ఇంత చేసినా వీపీఎన్ ఆపలేనిది ఒకటుంది. పీఎం కిసాన్ అనో, ట్రాఫిక్ చలానా అనో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు, అంటే ప్లేస్టోర్‌తో పనిలేకుండా యాప్‌ను ఎక్కించే ఫైలు, వస్తుంది. నొక్కగానే ‘ఈ సోర్స్ నుంచి అనుమతించాలా’ అని ఫోన్ అడుగుతుంది. సరే అంటే ఆ యాప్ ఎక్కి, తర్వాత ఎస్సెమ్మెస్ చదివే అనుమతి, ఆపైన యాక్సెసిబిలిటీ (స్క్రీన్ చదివి, మన బదులు నొక్కే అనుమతి) అడుగుతుంది. ఇచ్చారా, మీకొచ్చిన ఓటీపీని ఆ యాప్ దొంగకు పంపుతుంది, వీపీఎన్ దాన్ని కూడా భద్రంగా చేరవేస్తుంది. ఆ మొదటి ప్రశ్న దగ్గరే ఆగండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలో ఇలా బయటి యాప్‌లను ఎక్కించే అనుమతి ఏ యాప్‌కైనా ఉందేమో ఈరోజే చూసి తీసేయండి.

డబ్బు పోతే ముందు ఫోన్ నెట్ ఆపి, వేరే ఫోన్ నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారిపోకముందే ఫిర్యాదు అందితే ఆపించే అవకాశం ఎక్కువ. యూపీఐ అయితే 12 అంకెల యూటీఆర్ (లావాదేవీ) నంబరు, పోయిన మొత్తం, సమయం కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి.