వరద తర్వాత కొన్న బోర్డు

(కర్నూలులో డిప్లొమా విద్యార్థుల ఎదుట ఒక కంప్యూటర్ సర్వీసు షాపు యజమాని చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, అదీ ఈ ఎండలో, ఇంతమంది వస్తారనుకోలేదు. ఉగ్గాని, బజ్జీ పెడతామని చెప్పి పిలిచారని మెట్లెక్కుతుంటే ఎవరో అన్నారు, అప్పుడు అర్థమైంది. నా మాట అయ్యాకే అవి బయటికి వస్తాయట. కాస్త ఓపిక పట్టండి.

నేను పాఠాలు చెప్పేవాణ్ణి కాదు. పాత డెస్క్‌టాప్‌లు బాగు చేసుకుని బతికేవాణ్ణి. కంప్యూటర్‌ను నిద్ర లేపే బయోస్ అనే ప్రోగ్రామ్ స్థానంలో, ఎవరైనా చదువుకోగలిగే కోర్‌బూట్ ఎలా పెట్టుకోవచ్చో ఇవాళ చెప్తాను. ఈ బల్ల మీద పరిచి పెట్టినది ఒక మదర్‌బోర్డు. గిగాబైట్ జి41ఎమ్-ఇఎస్2ఎల్. మా షాపులో దీన్ని వరద బోర్డు అంటాం. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్ళోకి వచ్చినప్పుడు మీరు ఒళ్ళో పిల్లలు, లేదా ఇంకా పుట్టనే లేదు. నీళ్ళు తీశాక మా షాపు ముందు క్యాబినెట్లు బారులు తీరాయి. మూత తీస్తే లోపల గుప్పెడు ఒండ్రు. కడిగి, స్పిరిట్ పూసి, ఎండబెట్టి కొన్నింటిని లేపాం. మిగతావన్నీ కాటాకే పోయాయి. ఆ చలికాలం ఊరంతా కొత్త కంప్యూటర్లు కొన్నది. అప్పుడు మార్కెట్లో ఎటు చూసినా జి41 బోర్డులే. నా చేత్తో ఎన్ని బిగించానో లెక్క లేదు. ఇప్పుడవే ఒక్కొక్కటిగా పాత సామానుగా నా దగ్గరికి తిరిగొస్తున్నాయి. ఇది మూడు వందలకు కొన్నాను.

ముందు వరసలో వాళ్ళు కాస్త వంగి చూడండి. ఇక్కడ రెండు చిన్న నల్ల చిప్‌లు, ఒక్కోదానికి ఎనిమిది కాళ్ళు. ఒకదాని పక్కన ఎమ్ బయోస్ అనీ, ఇంకోదాని పక్కన బి బయోస్ అనీ అచ్చేసి ఉంది. ఒకటి మెయిన్, ఒకటి బ్యాకప్. ఒక్కోటీ ఒక మెగాబైట్. మీ ఫోన్‌తో తీసిన ఒక ఫొటో కూడా అందులో పట్టదు. పవర్ బటన్ నొక్కగానే ప్రాసెసర్ మొదట వెతుక్కునేది ఈ చిప్‌నే, హార్డ్ డిస్క్‌ను కాదు. నాలుగు జీబీ చిరునామాల చివర, ఇంకా 16 బైట్లు మిగిలి ఉండగా ఒక చోటు ఉంది. ఇంటెల్ ప్రాసెసర్ ఎప్పుడు లేచినా మొదటి ఆదేశాన్ని అక్కడే చదువుతుంది. 16 బైట్లలో ఏం పడుతుంది? ‘ఫలానా చోటికి దూకు’ అనే ఒక్క మాట పడుతుంది. అక్కణ్ణుంచి మొదలయ్యేదే బయోస్.

ఈ ఊళ్ళో విండోస్ వేసేవాళ్ళు వందమంది ఉన్నారు. లైనక్స్ వేసేవాళ్ళూ కొందరున్నారు. కానీ ఈ ఒక్క మెగాబైట్‌లో ఏముందో చూసినవాడు నాకు తెలిసి లేడు. ఇరవై ఏళ్ళు ఈ పని చేసి నేనూ చూడలేదు. బీప్ వినేవాణ్ణి, అంతే. ఒక్క బీప్ అంటే బాగుంది, ఆగకుండా మోగితే ర్యామ్, అంటే మెమరీ స్టిక్, తీసి తుడువు. మా విద్య అక్కడితో సరి.

ఆ చిప్‌లో కంపెనీ పెట్టిన ప్రోగ్రామ్ తీసేసి, ఎవరైనా చదువుకోగలిగే ప్రోగ్రామ్ పెట్టొచ్చని నాకు తెలిసింది కోర్‌బూట్ వల్ల. దీని పుట్టుక 1999లో, అమెరికాలో లాస్ అలమోస్ నేషనల్ ల్యాబొరేటరీలో. రాన్ మినిచ్ అనే ఆయన మొదలుపెట్టారు. అప్పుడు దాని పేరు లైనక్స్‌బయోస్. వందల కంప్యూటర్లను కలిపి ఒక్క పెద్ద యంత్రంలా వాడేచోట ఒక్కోదానికి మానిటరూ కీబోర్డూ ఎవరు పెడతారు? మామూలు బయోస్ ఏమో కీబోర్డు లేదు, ఎఫ్1 నొక్కు అంటుంది. కీబోర్డు లేదని అదే చెబుతుంది, మళ్ళీ కీబోర్డు మీద నొక్కమని అదే అంటుంది! 2008లో పేరు కోర్‌బూట్‌గా మారింది. ఇప్పుడు మీరు చూసే క్రోమ్‌బుక్ ల్యాప్‌టాప్‌లలో కంపెనీ నుంచే కోర్‌బూట్ వస్తుంది. చరిత్ర ఇంతకన్నా వద్దు, అసలు సంగతి ర్యామ్ దగ్గరుంది.

మామూలుగా మనం ఏమనుకుంటాం? ర్యామ్ స్లాట్‌లో గుచ్చితే పనిచేస్తుంది అని. చెయ్యదు. కరెంటు రాగానే ర్యామ్ ఉత్త ముద్ద. దాన్ని ఎవరో ఒకరు నిద్ర లేపాలి. లేపే ప్రోగ్రామ్ నడవాలంటే దానికి కాసింత మెమరీ కావాలి. మెమరీ ఏమో ఇంకా లేవలేదు. ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి బండి వచ్చిందనుకోండి, గోడౌన్ తాళం తీసే మనిషి ఇంకా రాలేదు. ఏం చేస్తారు? మూటలు అరుగు మీద దించి, పని అక్కడే మొదలుపెడతారు. కోర్‌బూట్ చేసేదీ అదే. ప్రాసెసర్ లోపలుండే క్యాష్ అనే చిన్న మెమరీని కాసేపు ర్యామ్‌లాగా వాడుకుంటుంది. ఆ అరుగు మీద కూర్చుని గోడౌన్ తలుపు తీస్తుంది.

తలుపు తీయడం ఎలాగో చెప్తాను. ఈ ర్యామ్ స్టిక్ మీద, పెద్ద చిప్‌ల మధ్య, గోరంత చిప్ కనిపిస్తోందా? దాన్ని ఎస్‌పీడీ అంటారు. ర్యామ్‌కు ఆధార్ కార్డు అనుకోండి. ఈ డీడీఆర్2 స్టిక్‌లో అది 256 బైట్లు. నేనెంత పెద్ద, నాలో ఎన్ని వరసలు, ఎంత వేగం తట్టుకుంటాను అని అందులో రాసి ఉంటుంది. కోర్‌బూట్ ముందు దాన్ని చదువుతుంది. ర్యామ్‌ను నడిపే కంట్రోలర్‌కు ఆ లెక్కలు అప్పజెబుతుంది. అయినా పని పూర్తి కాదు. మునిసిపాలిటీ వాళ్ళు ట్యాంకు దగ్గర వాల్వు తిప్పగానే మన వీధి చివరి కుళాయికి నీళ్ళు రావు కదా. ర్యామ్ పంపిన డేటా కూడా బోర్డు మీది గీతల వెంట నడిచి రావాలి. ముందే బిందె పెట్టి తీసేస్తే ఖాళీ, ఆలస్యంగా పెడితే సగం నేలపాలు. అందుకని ప్రోగ్రామ్ ఆలస్యాన్ని ఒక్కో మెట్టు పెంచుతూ, డేటా సరిగ్గా ఎప్పుడు అందుతోందో వెతుక్కుంటుంది. దీన్ని ట్రైనింగ్ అంటారు. రెండు రకాల స్టిక్‌లు కలిపి గుచ్చితే ఒక్కోసారి బోర్డు ఎందుకు లేవదో నాకు ఆ కోడ్ చదివాకే తెలిసింది. అంతకుముందు ఇరవై ఏళ్ళూ ‘కంపాటబిలిటీ లేదు సార్’ అని కస్టమర్లకు చెప్పాను. ఆ మాటకు అర్థమేంటో నాకే తెలీదు.

ఇప్పుడు మీలో తెలివైనవాళ్ళకు ఒక అనుమానం రావాలి. ఇంత పాత బోర్డెందుకు, కొత్తదాని మీద చెయ్యొచ్చు కదా అని. ఇక్కడే తమాషా. కొత్త ఇంటెల్ బోర్డుల్లో కోర్‌బూట్ వేసినా, నేనిప్పుడు చెప్పిన ర్యామ్ లేపే పని మాత్రం ఇంటెల్ ఇచ్చే మూసిన ప్రోగ్రామే చేస్తుంది. లోపల ఏం చేస్తుందో మనకు కనపడదు. దానికి తోడు మేనేజ్‌మెంట్ ఇంజిన్ అని ఇంకో చిన్న కంప్యూటర్, దాని ఫర్మ్‌వేర్, అంటే చిప్‌లో ఉండే ప్రోగ్రామ్, వేరే. అదీ మూసిందే. ఈ జి41 బోర్డు చిప్‌లో ఆ మేనేజ్‌మెంట్ ఇంజిన్ ఫర్మ్‌వేర్ ఉండదు, అవసరమూ లేదు. ర్యామ్ లేపే కోడ్‌ను స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు సొంతంగా రాసి అందరి ముందూ పెట్టారు. అంటే ఈ మూడు వందల బోర్డులో అట్టడుగు దాకా దాదాపు అంతా చదువుకోవచ్చు. దాదాపు అని ఎందుకన్నానంటే, ఆదేశాలను ఎలా నడపాలో ప్రాసెసర్‌కు లోపల చెప్పే మైక్రోకోడ్ ఇక్కడా మూసే ఉంది. దాన్ని దాచి చెప్పడం నాకిష్టం లేదు.

సరే, వేసేటప్పుడు నేను పడ్డ తిప్పలు చెప్తాను. మీకు పనికొచ్చేది ఇదే.

మొదటి బోర్డు. ఫ్లాష్‌రోమ్ అనే ప్రోగ్రామ్ ఉంది, లైనక్స్‌లోంచే ఈ చిప్‌ను చదవొచ్చు, రాయొచ్చు. పాత బయోస్‌ను పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్నాను. కొత్తది రాయమన్నాను. సగంలో కరెంటు పోయింది. యూపీఎస్ లేదా అంటారేమో, ఉంది. దాని బ్యాటరీ చచ్చి ఆర్నెల్లయింది. ఊరందరి యూపీఎస్‌లకూ బ్యాటరీలు మార్చేది నేనే, నా షాపుది మార్చలేదు. కరెంటు వచ్చాక బోర్డు ఫ్యాన్ తిరుగుతోంది, తెర మీద ఏమీ లేదు. నవ్వండి, మా ఆవిడా నవ్వింది.

దాన్ని బతికించాలంటే బయటి నుంచి రాయాలి. దానికి ఒక యూఎస్‌బీ ప్రోగ్రామర్, చిప్ ఎనిమిది కాళ్ళనూ పట్టుకునే క్లిప్పు కావాలి. సీహెచ్341ఏ చిప్‌తో వచ్చే చవక ప్రోగ్రామర్లు దొరుకుతాయి. వాటిలో నల్ల బోర్డు రకంతో జాగ్రత్త. ఈ ఫ్లాష్ చిప్‌కు 3.3 వోల్టులు చాలు, అది డేటా కాళ్ళ మీద 5 వోల్టులు వదులుతుంది. మీటర్ పెట్టి చూసుకోకుండా తగిలించొద్దు. తగిలించాక రెండుసార్లు చదివాను, రెండు ఫైళ్ళూ పోల్చాను. కలవలేదు. మూడోసారి చదివితే మూడోది ఇంకో రకం. చిప్ పోయిందనే అనుకున్నాను. రాత్రి పదకొండింటికి వైర్ల వంక చూశాను. రెండు జానల పొడవున్నాయి. కోసి బెత్తెడు చేశాను. క్లిప్పు తీసి, కాళ్ళ మీది మకిలి తుడిచి మళ్ళీ పెట్టాను. ఈసారి మూడుసార్లు చదివితే మూడూ ఒకటే. అప్పుడు రాశాను. అందుకే చెప్తున్నా, రెండు రీడింగులు ఒకటయ్యేదాకా రాయడం మాట ఎత్తొద్దు. ఒకటైన ఆ ఫైల్‌ను రెండు చోట్ల దాచండి.

ఇంకోటి. రెండు చిప్‌లున్నాయి కదా, ఒకటి పోతే రెండోది కాపాడుతుందిలే అనుకోవద్దు. ఒకదాంట్లో పాతది, ఇంకోదాంట్లో కొత్తది ఉంటే, ఏది లేచిందో తెలీక తల పట్టుకుంటారు. నేను రెండింట్లోనూ కొత్తదే రాస్తాను.

ఆ ఊపులో ఇంకో బోర్డుకూ అదే ఫైల్ వేశాను. విడివిడిగా రెండూ బంగారంలా నడిచాయి. ఒక స్విచ్‌కు రెండూ కలిపితే నెట్ వచ్చేది, పోయేది. కేబుల్ మార్చాను, స్విచ్ మార్చాను. చివరికి చూస్తే రెండింటికీ మ్యాక్ అడ్రస్ ఒకటే! ఈ బోర్డులో నెట్‌వర్క్ కార్డు అడ్రస్ ఆ ఫర్మ్‌వేర్ ఫైల్‌లోంచే వస్తుంది. ఒకే వీధిలో రెండిళ్ళకు ఒకే డోర్ నంబర్ ఇస్తే పోస్ట్‌మ్యాన్ ఏం చేస్తాడు? ఫైల్‌లో అడ్రస్ మార్చి రాస్తే సరిపోయింది. బోర్డు మీద స్టిక్కర్ ఉంటే ఆ నంబర్ ముందే రాసి పెట్టుకోండి.

కోర్‌బూట్ వేశాక పోయేవి కూడా చెప్పాలి. డిలీట్ నొక్కితే వచ్చే నీలం సెటప్ తెర ఉండదు. కోర్‌బూట్ పని హార్డ్‌వేర్‌ను లేపడం వరకే. ఆ తర్వాత పేలోడ్ అనే ఇంకో ప్రోగ్రామ్‌కు పగ్గాలు ఇచ్చేస్తుంది. నేను పెట్టింది సీబయోస్, పాత బయోస్‌లా ప్రవర్తిస్తుంది. బూట్ మెనూ కావాలంటే ఎస్కేప్ నొక్కాలి. నా దగ్గర బీప్ కూడా పోయింది. మొదటి వారం అది వినపడక నాకు భలే టెన్షన్. విండోస్ 7 డిస్క్ పెడితే నల్ల తెర దగ్గరే ఆగింది. లైనక్స్ మాత్రం హాయిగా నడుస్తోంది. అందుకే కస్టమర్ల మెషిన్లకు నేనిది వెయ్యను. ట్యాలీ నడుపుకునే ఎరువుల షాపు ఆయనకు దీంతో ఏం పని? వేగం పెరుగుతుందా అని అడుగుతారు. లేవడం రెండు మూడు సెకన్లు త్వరగా అవుతుంది, లేచాక అదే కంప్యూటర్.

మీ ఇళ్ళల్లో ఇంకొంచెం కొత్తవి, హెచ్61 బోర్డులు ఉండొచ్చు. వాటిలో ఏసుస్ పీ8హెచ్61-ఎమ్ ఎల్ఎక్స్ లాంటి కొన్నింటికి కోర్‌బూట్ ఉంది. దాంట్లో ఫ్లాష్ చిప్ సాకెట్‌లో ఉంటుంది, క్లిప్పు బాధ లేకుండా ఊడదీసి రాసుకోవచ్చు. మేనేజ్‌మెంట్ ఇంజిన్ మాత్రం అక్కడ ఉంటుంది. ఏ బోర్డయినా పేరుతో పాటు రివిజన్ నంబర్ కూడా చూసుకోండి. పేరు ఒకటే ఉండి లోపల వేరే ఉన్నవి బోలెడు.

మాటలు చాలు. ఈ బోర్డు వెనక సీరియల్ పోర్టు ఉంది, ఇప్పటి బోర్డుల్లో మీకది దొరకడం అరుదు. దాన్నుంచి ఈ కేబుల్ నా ల్యాప్‌టాప్‌కు వచ్చింది, వేగం సెకనుకు 115200 బిట్లు. కోర్‌బూట్ తను చేసే ప్రతి పనినీ ఒక్కో లైను చొప్పున ఇక్కడ చెబుతుంది. తెర ఇంకా వెలగకముందే, ర్యామ్ ఇంకా లేవకముందే చెబుతుంది.

ఎవరైనా ఇద్దరు ముందుకు రండి. అమ్మా, వెనక వరసలో నువ్వు, ఇందాకటి నుంచి రాసుకుంటున్నావే, నువ్వు రా. బోర్డుకు పవర్ బటన్ లేదు, ఈ రెండు పిన్నులనూ స్క్రూడ్రైవర్‌తో ఒకసారి తాకించాలి. షాక్ కొట్టదులే. మొదటిసారి మామూలుగా లేపుదాం, లైన్లు చూడండి. రెండోసారి కరెంటు తీసి, ఈ తమ్ముడు ర్యామ్ పీకేస్తాడు. అప్పుడు మళ్ళీ లేపుదాం. ఏ లైను దగ్గర ఆగుతుందో లేపకముందే మీరే చెప్పాలి. సరిగ్గా చెప్పినవాళ్ళకు మొదటి ప్లేటు ఉగ్గాని.