జూనిపర్ చెట్టుకు ఆనించిన తుపాకీ

శ్రోతలకు నమస్కారం.

2014 నవంబరులో అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో, గ్రేట్ బేసిన్ జాతీయ పార్కు సిబ్బందికి ఒక జూనిపర్ చెట్టుకు ఆనించిన తుపాకీ కనిపించింది. ఎండకూ మంచుకూ కర్ర బూడిద రంగుకు తిరిగి, చెట్టు మానులో కలిసిపోయింది. గొట్టమంతా తుప్పు. భుజానికి ఆనించే మడమ మట్టిలో కూరుకుపోయి ఉంది. అది వించెస్టర్ అనే కంపెనీ చేసిన 1873 మోడల్. కింద ఉన్న లీవర్ ఒకసారి దించి ఎత్తితే, పేలిన గుల్ల బయటపడి కొత్త తూటా ఎక్కుతుంది.

ఇది అరుదైన తుపాకీయా? కానే కాదు. ఆ మోడల్ ఏడు లక్షలకు పైగా తయారైంది. ఈ తుపాకీ తయారైన 1882లోనే పాతిక వేలకు పైగా చేశారు. అప్పటి ధర 25 డాలర్లు.

కానీ ఈ పాత తుపాకుల బజారులో చెవులు చిల్లులు పడేలా వినిపించే మాట ‘రేర్’. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మనవాళ్లు ఊరికే అనలేదు. మనం కొనేటప్పుడు “ఇలాంటివి ప్రపంచంలో పదే ఉన్నాయి” అన్న పెద్దమనిషే, అదే తుపాకీని తిరిగి అమ్మబోతే “ఇవి వీధికి నాలుగు” అంటాడు.

నిజంగా అరుదైనవి లేకపోలేదు. 1875లో వించెస్టర్ కంపెనీ ఒక పద్ధతి పెట్టింది. పరీక్షలో గురి బాగా కుదిరిన గొట్టాలను ఏరి, వాటిని ప్రత్యేకంగా బిగించి, ‘వెయ్యిలో ఒకటి’ అని ఇంగ్లీషులో చెక్కి 100 డాలర్లకు అమ్మింది. 1873 మోడల్లో అలాంటివి సుమారు 130 మాత్రమే. 1950లో ఈ తుపాకీ మీద హాలీవుడ్ సినిమా వచ్చినప్పుడు, ఇవి ఎవరి దగ్గరున్నాయో చెప్పమని ప్రకటనలు కూడా ఇచ్చారు. గిరాకీ పెరిగాక ఏం జరుగుతుందో మీకు చెప్పాలా? మామూలు గొట్టం మీద ఆ అక్షరాలు చెక్కడానికి ఒక ఉలి, కొంచెం ఓపిక ఉంటే చాలు.

అక్షరాలు చెక్కగలరు కానీ కంపెనీ పద్దుల పుస్తకంలో రాత మార్చలేరు. వయోమింగ్ రాష్ట్రంలోని కోడీ అనే ఊళ్లో ఉన్న తుపాకుల మ్యూజియం దగ్గర ఆ పుస్తకాలున్నాయి. సీరియల్ నంబరు ఇచ్చి రుసుము కడితే, గొట్టం గుండ్రమా ఎనిమిది పలకలా, ట్రిగ్గర్ మామూలుదా ప్రత్యేకమైనదా, గిడ్డంగి నుంచి ఎప్పుడు బయటికి వెళ్లింది, ఇవన్నీ ఉత్తరం రాసి ఇస్తారు. అక్కడి మా మిత్రుడొకరు 1892 మోడల్ ఒకటి కొన్నారు. తుపాకీ గొట్టం కింద తూటాలు ఉండే గొట్టం పొట్టిగా ఉంది, స్పెషల్ ఆర్డర్ అని చెప్పి అమ్మకందారు ఎక్కువ పుచ్చుకున్నాడు. ఉత్తరం వచ్చింది. అందులో పొట్టి గొట్టం ఊసే లేదు. అప్పుడు బోర్లా తిప్పి చూస్తే, పొడుగు గొట్టాన్ని పట్టి ఉంచే గాడిని ఎవరో లోహంతో పూడ్చి నున్నగా అరగదీసిన గుర్తు! అమ్మకందారును నిలదీస్తే, ఆనాటి గుమాస్తా రాయడం మరిచిపోయి ఉంటాడన్నాడట. పాపం, నూరేళ్ల కిందటి గుమాస్తా!

ఈ పుస్తకాలు అన్నిటికీ లేవు. 1894 మోడల్ డెబ్బై లక్షలు దాటింది, పద్దులు మాత్రం దాదాపు మూడు లక్షల యాభై నాలుగు వేల నంబరు దాకానే. ఆ తర్వాతి తుపాకీని చూపించి “కంపెనీ నుంచే ఇలా వచ్చింది” అంటే, ఆ మాటకు సాక్ష్యం ఆ మాటే.

కొత్తవాళ్లు ఎక్కువగా పడే గొయ్యి ఇంకొకటుంది. 1894 అనేది మోడల్ పేరు, తయారైన ఏడు కాదు. గొట్టం మీద కనిపించే 1894 ఆగస్టు 21 పేటెంటు తేదీ. అమెరికా చట్టం ప్రకారం 1898 దాకా చేసినవే పురాతనం. 1910లో చేసిన దాన్ని ఆ తేదీ చూపించి పురాతనమని అంటగడతారు. ఇక ‘లిమిటెడ్ ఎడిషన్’, అంటే పరిమితంగా చేసినవి అని పెట్టెతో సహా అమ్మేవీ ఉన్నాయి. 1966లో కంపెనీ శతజయంతికి చేసినవి లక్షకు పైగా ఉన్నాయి. లక్ష పరిమితమైతే అపరిమితం ఎంతో!

అన్నిటికంటే కష్టం కుటుంబ కథలతో. ఫలానా దొంగ దగ్గరుండేది, మా ముత్తాత చెప్పాడు అంటారు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టే. కథకు విడిగా లెక్క కట్టకుండా, కథ లేకపోతే ఈ ఇనుముకు ఎంత ఇస్తానో అంతే ఇస్తాను అనే పాతకాపు ఒకాయన ఉన్నాడు. ఆయన సంగతి నాకు నచ్చింది.

మళ్లీ మన చెట్టు కింద తుపాకీ దగ్గరకు వద్దాం. దాన్ని కోడీకి పంపారు. పుస్తకంలో 1882లో గిడ్డంగి దాటిందని ఉంది, ఎవరు కొన్నారో లేదు. అక్కడి ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తే, మడమలో దాచిన తూటా ఒకటి బయటపడింది. అది 1887కూ 1911కూ మధ్య చేసిన రకం. అంటే 1887కు ముందు దాన్ని ఆ చెట్టుకు ఆనించి ఉండరు. ఆ మనిషి ఎవరో, ఎందుకు తిరిగి రాలేదో తెలియదు. మ్యూజియం వాళ్లు దాన్ని తోమి మెరిపించలేదు. కర్ర పెచ్చులు రాలిపోకుండా మందు పూసి, తుప్పును తుప్పుగానే ఉంచి పార్కుకు తిప్పి పంపారు.