ఉచితంగా దొరికింది కదా అని

సభకు నమస్కారం.

అనంతపురంలో నాటకానికి టికెట్ కొని కూర్చున్న తరం ఒకటి ముందు వరుసల్లో ఉంది. శుక్రవారం విడుదలైన సినిమా ఆ సాయంత్రానికే దొంగ కాపీగా టెలిగ్రామ్‌లోకి వస్తుందని వెనుక వరుసల్లోని విద్యార్థులకు నేను చెప్పనక్కరలేదు. ఆ కాపీలో తెర ఒక పక్కకు వాలి ఉంటుంది. ఎవరో లేచి నిలబడితే హీరో ముఖం మాయమవుతుంది, కీలకమైన మాట ఎవరి దగ్గులోనో కలిసిపోతుంది. అయినా చూస్తాం.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. హాలులో సినిమాను దొంగతనంగా రికార్డు చేస్తే, సినిమాటోగ్రాఫ్ చట్టానికి 2023లో చేసిన సవరణ ప్రకారం కనీసం 3 నెలల జైలు, 3 లక్షల రూపాయల జరిమానా. ఫోనులో చూసిన మన ఇంటికి పోలీసులు రారు. కాబట్టి తేల్చుకోవలసింది మనమే.

కోట్లు తీసుకునే హీరోకు నా వంద రూపాయలు ఒక లెక్కా అంటారు. నిజమే, లెక్క కాదు. ప్రతి డౌన్‌లోడూ ఒక టికెట్ నష్టమన్న నిర్మాతల వాదననూ నేను నమ్మను. చేతిలో డబ్బులేని కుర్రవాడు ఎలాగూ హాలుకు వచ్చేవాడు కాదు. కానీ హీరోను చూపించి మాట్లాడినంతసేపూ పాట రాసినవాడు మనకు గుర్తుకు రాడు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, హాలు ప్రదర్శనకు తప్ప మిగతా వాడకాలకు గేయ రచయితకూ సంగీత దర్శకుడికీ రాయల్టీలో వాటా ఇచ్చారు. నిర్మాతకు సంతకం పెట్టి ఇచ్చినా పోని హక్కు అది. అనుమతి ఉన్న యాప్‌లో పాట వింటే అది లెక్కకు వస్తుంది. దొంగ సైటు నుంచి దింపుకున్న పాట పెళ్లి ఊరేగింపు అంతా మోగినా ఆ పాట రాసినవాడి ఖాతాలో ఏమీ పడదు.

అలాగని అన్నిటికీ డబ్బు కట్టాల్సిందేనని అనను. మన తాడిపత్రి కె.వి.రెడ్డి గారి ‘మాయాబజార్’ 1957లో వచ్చింది. సినిమాకు 60 ఏళ్ల కాపీరైటు, 2017తో గడువు తీరింది. పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో కన్నుమూశారు. సాహిత్యానికి రచయిత మరణం తరువాత 60 ఏళ్లు గనుక ఆ లెక్క వేరు. లాయర్లకూ పని ఉండాలి కదా! ఇక ఏ హాలులోనూ ఏ యాప్‌లోనూ దొరకని పాత సినిమాను ఎవరైనా దాచి పదిమందికీ పంచితే, తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. నిన్నటి సినిమాకు ఆ మినహాయింపు చెల్లదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది పుస్తకం. మన కథకులు చాలామంది సొంత డబ్బుతో కొద్ది ప్రతులు అచ్చు వేసుకుంటారు. వాటిని పీడీఎఫ్ చేసి, ‘తప్పక చదవండి’ అంటూ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేది సాహిత్యాభిమానులే. ఎంత శ్రద్ధ అంటే, ‘ప్రతులకు’ అన్న పేజీని కూడా వదలకుండా స్కాన్ చేస్తారు. రచయిత ఫోను నంబరు అందులోనే ఉంటుంది. చదివి నచ్చినవారు ఆ నంబరుకే ఫోన్‌పేలో పుస్తకం వెల పంపవచ్చు. కొనలేని విద్యార్థి అదే నంబరుకు ఫోను చేసి ఒక ప్రతి అడగవచ్చు. కాదనే రచయిత ఈ జిల్లాలో నాకింకా తారసపడలేదు.