ఆ రెండేళ్లు ఎవరి నడుము మీద?

[తెరపై: తెల్లవారుజాము నాలుగున్నర. ఖాళీ రోడ్డు. వీధి దీపం కింద పొడవాటి చీపురు కదులుతున్న చప్పుడు. మనిషి ముఖం కనిపించదు, చేతులే కనిపిస్తాయి.]

ఈ చేతుల వయసు ఎంతో చెప్పగలరా? ఆధార్ కార్డు మీద 56 అని ఉండవచ్చు. మోకాళ్లను అడిగితే 70 అంటాయి. ఇంకో నాలుగు గంటల తర్వాత ఇదే వీధిలోని కార్యాలయానికి మరో 56 ఏళ్ల మనిషి వచ్చి, ఫ్యాను కింద కుర్చీలో కూర్చుంటారు. ఆయన కూడా కష్టపడేవారే, ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ పదవీ విరమణ వయసు గురించి ప్రభుత్వం మాట్లాడిన ప్రతిసారీ ఈ ఇద్దరినీ ఒకే అంకెతో కొలుస్తుంది. ఈరోజు మనం మాట్లాడుకోబోయేది ఆ అంకె గురించే.

మన రాష్ట్రాల్లో ఈ వయసు పెంచినప్పుడల్లా మరుసటి రోజు పత్రికల్లో 'ఉద్యోగులకు తీపి కబురు' అన్న శీర్షిక కనిపిస్తుంది. ఆ తీపి ఎవరి నోటికి అందిందో ఒకసారి చూద్దాం.

[తెరపై: ఒక్కో అంకె వచ్చి ఆగుతుంది. 55, 58, 55, 58, 60, 61, 62.]

1979 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉద్యోగుల విరమణ వయసును 55 నుంచి 58కి పెంచింది. 1983 జనవరిలో ఎన్టీ రామారావు ముఖ్యమంత్రి అయ్యారు. కొద్ది వారాలకే దాన్ని మళ్లీ 55కి దించారు. ఆ ఫిబ్రవరి 28న వేలాది మంది ఒకేసారి ఇంటిదారి పట్టారు. యువతకు ఉద్యోగాలు రావాలన్నది అప్పటి వాదన. తగ్గించే అధికారం ప్రభుత్వానికి ఉందని 1985 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు వచ్చేసరికే, 1984లోనే, వయసు తిరిగి 58 అయిపోయింది. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2014 జూన్ 2 నుంచి 60. తెలంగాణలో 2021 మార్చిలో 58 నుంచి ఒక్క గెంతులో 61. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జనవరి 1 నుంచి 62.

ఒక్కసారి ఆలోచించండి. 1983లో ఇక చాలని 55కే పంపించారు. 2022లో 60 దాటినా ఇంకా సత్తువ ఉందన్నారు. ఈ నలభై ఏళ్లలో మనిషి వెన్నెముక మారలేదు. మారింది ఖజానా పరిస్థితి.

ఆ ఖజానా లెక్క కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే అసలు కథ అక్కడే ఉంది. ప్రభుత్వ ఉద్యోగి విరమణ చేసిన రోజున ప్రభుత్వం ఒకేసారి పెద్ద మొత్తం చెల్లించాలి. గ్రాట్యుటీ, వాడుకోని ఆర్జిత సెలవుల నగదు, పెన్షన్‌లో కొంత భాగాన్ని ముందుగా తీసుకునే కమ్యుటేషన్, భవిష్య నిధి. ఒక్కొక్కరికీ లక్షల్లో ఉంటుంది. ఏటా వేలాది మంది విరమణ చేస్తే ఆ భారం ఎంతో ఊహించుకోవచ్చు. వయసు రెండేళ్లు పెంచితే ఆ చెల్లింపులన్నీ రెండేళ్లు వెనక్కి పోతాయి. అప్పు తీరదు, గడువు మారుతుంది అంతే. వడ్డీ కట్టనక్కరలేని వాయిదా ఇది. అది కూడా ఉద్యోగి దగ్గరే తీసుకున్నది.

[తెరపై: 2022 జనవరి 7. రెండు అంకెలు పక్కపక్కన: 27, 23.29.]

ఆంధ్రప్రదేశ్‌లో 62 ప్రకటన విడిగా రాలేదు. అప్పటికే ఉద్యోగులు 27 శాతం మధ్యంతర భృతి తీసుకుంటున్నారు. 2022 జనవరి 7న పీఆర్‌సీ (వేతన సవరణ) ఫిట్‌మెంట్‌ను, అంటే మూల వేతనం మీద ఇచ్చే పెంపును, 23.29 శాతంగా ప్రకటించారు. చేతిలో ఉన్న దానికంటే తక్కువ! దాంతోపాటే విరమణ వయసు పెంపు కూడా ప్రకటించారు. నాలుగు వారాలు తిరగకుండానే, ఫిబ్రవరి 3న, వేలాది మంది ఉద్యోగులు విజయవాడ వీధుల్లోకి వచ్చారు.

తెలంగాణలో ఏం జరిగింది? మూడేళ్లు పెంచడంతో 2021 నుంచి 2024 దాకా వయసు నిండి విరమణ చేసేవారు దాదాపు లేకుండా పోయారు. అన్నేళ్లూ ఆ ఖాళీలు పుట్టలేదు. కోచింగ్ కేంద్రాల చుట్టూ తిరిగే పిల్లలకు ఆ మూడేళ్లు ఎలా గడిచాయో హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో ఉన్నవాళ్లను అడగాలి. 2022లో ఉద్యోగ దరఖాస్తుకు గరిష్ఠ వయసును 34 నుంచి 44కి పెంచారు. 44వ ఏట చేరిన మనిషికి 61 నాటికి 17 ఏళ్ల సర్వీసే ఉంటుంది. ఇక 2024 మార్చి ఆఖరు నుంచి విరమణలు మళ్లీ మొదలయ్యాయి. వాయిదా పడిన బిల్లులన్నీ ఒక్కసారి ముందుకొచ్చాయి. తమకు రావలసిన డబ్బు కోసం విశ్రాంత ఉద్యోగులు హైకోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. జీవితమంతా పనిచేసిన మనిషి తన సొంత డబ్బు కోసం వకీలును పెట్టుకోవడం నాకు చాలా బాధ కలిగించిన విషయం.

ఇప్పటిదాకా చెప్పింది కాస్తో కూస్తో భద్రత ఉన్నవారి సంగతి. వారి వెనక ఉన్నవారి దగ్గరికి వెళదాం.

[తెరపై: మగ్గం గుంటలో ఆడుతున్న కాళ్లు. తాటిచెట్టు మీద మోకు వేసుకుని ఎక్కుతున్న గీత కార్మికుడు. వల లాగుతున్న మత్స్యకారుడు.]

మన ప్రభుత్వాలకు శరీరం సంగతి తెలియదా? బాగా తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక పెన్షన్ మామూలు వృద్ధులకు 60 ఏళ్లకు వస్తుంది. కానీ చేనేత కార్మికులకు 50కే. కల్లుగీత కార్మికులకు 50. మత్స్యకారులకు 50. డప్పు కళాకారులకు 50. తెలంగాణలో మామూలు వృద్ధాప్య పెన్షన్ వయసు 57, నేత కార్మికులకూ గీత కార్మికులకూ 50. ఎవరో ఎప్పుడో కూర్చుని, గుంట మగ్గం మీద వంగిన వీపు, మోకు మీద బరువు మోసిన తొడలు అందరికంటే పదేళ్లు ముందే అలిసిపోతాయని ఒప్పుకుని, దాన్ని ఉత్తర్వులో రాశారు. ఆ ఉత్తర్వును నేను గౌరవిస్తాను. వచ్చే డబ్బు సరిపోతుందా అన్నది వేరే సంగతి. ఆ సూత్రం మాత్రం న్యాయమైనది.

మరి అదే సూత్రం జీతం తీసుకునే శ్రామికుడి దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికి పోయింది? బస్సు నడిపేవారికి, బొగ్గు తవ్వేవారికి, మురుగు కాలువలో దిగేవారికి, ఆస్పత్రిలో స్ట్రెచర్ తోసేవారికి?

మరోవైపు తెలంగాణలో వైద్య కళాశాలల అధ్యాపకుల విరమణ వయసు 65. అందులో తప్పేమీ లేదు. బోధించే మనిషికి ఏళ్లు గడిచేకొద్దీ చదువు పండుతుంది. బస్తాలు మోసే మనిషికి ఏళ్లు గడిచేకొద్దీ పండేది ఏమిటి? మోకాలి నొప్పే కదా.

[తెరపై: గని ద్వారం. తలకు దీపం కట్టుకున్న కార్మికులు లోపలికి దిగుతున్నారు.]

సింగరేణిలో విరమణ వయసు 60 ఉండేది. 2021 మార్చి 31 నుంచి వర్తించేలా దాన్ని 61 చేశారు. ఇక్కడ మెలిక ఉంది. గని ప్రాంతంలో ఏ ఇంట్లోనైనా 'మెడికల్ బోర్డు', 'అన్‌ఫిట్' అన్న మాటలు వినిపిస్తాయి. భూగర్భంలో వేడికీ దుమ్ముకీ ఒళ్లు పాడైన తండ్రిని బోర్డు అన్‌ఫిట్ అని తేలిస్తే, కొడుక్కో కూతురికో కారుణ్య నియామకం దొరికే వీలుంది. అంటే ఆ కుటుంబానికి తండ్రి ఆరోగ్యంగా 61 దాకా పనిచేయడం కంటే, ముందే అన్‌ఫిట్ కావడంలో భవిష్యత్తు కనిపిస్తోంది. ఒక తండ్రి తన జబ్బు రుజువు కావాలని కోరుకునే పరిస్థితికి ఎవరు తెచ్చారు? ఆ మనిషికి 55 దాటాక గౌరవంగా పైకి వచ్చే దారి, పూర్తి పెన్షన్‌తో, ఉండి ఉంటే ఈ ప్రశ్నే పుట్టేది కాదు.

ఇప్పుడు కొంచెం లెక్క. విసుక్కోకండి, ఈ లెక్క మీ ఇంట్లో ఎవరో ఒకరికి వర్తిస్తుంది.

[తెరపై: నల్లబల్ల. సుద్దతో రాస్తున్న చేయి. 12,000 × 15 ÷ 70.]

ప్రైవేటు సంస్థల్లో, ఔట్‌సోర్సింగ్‌లో పీఎఫ్ కోత ఉన్నవారికి 1995 నాటి ఉద్యోగుల పెన్షన్ పథకం, ఈపీఎస్, వర్తిస్తుంది. చివరి అయిదేళ్ల సగటు జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. పన్నెండు వేల జీతం, పదిహేనేళ్ల సర్వీసు అనుకుందాం. నెలకు సుమారు 2,571 రూపాయలు. జీవితాంతం అదే. ధరలు పెరిగినా కరవు భత్యం అంటూ ఏమీ కలవదు. కనీస పెన్షన్ 2014 సెప్టెంబరులో వెయ్యి రూపాయలుగా పెట్టారు. ఇక్కడ అందరూ మరిచిపోయే సంగతి ఒకటుంది. ఈపీఎస్‌లో సభ్యత్వం మామూలుగా 58 ఏళ్లకే ముగుస్తుంది. సంస్థ విరమణ వయసును 60 చేసినా, 62 చేసినా, ఆ తర్వాత పనిచేసిన ఏళ్లు వాటంతట అవే పెన్షన్ సర్వీసులో చేరవు. పెన్షన్ తీసుకోకుండా 60 దాకా ఆగితే ఏడాదికి నాలుగు శాతం చొప్పున పెరుగుతుంది. మన లెక్కలో అది నెలకు రెండు వందల పైచిలుకు. ఆ రెండు వందల కోసం రెండేళ్ల పెన్షన్ వదులుకోవాలి.

అందుకే వయసు పెంపు అన్న మాట ఒక్కో ఇంట్లో ఒక్కోలా వినిపిస్తుంది. కుర్చీ ఉద్యోగం, నమ్మకమైన పెన్షన్ ఉన్న ఇంట్లో అది మరో రెండేళ్ల పూర్తి జీతం. పెన్షన్ లేని ఇంట్లో అది మరో రెండేళ్ల ఊపిరి.

అవును, ఊపిరే. నిజాయితీగా ఒక మాట చెప్పాలి. వయసు పెంచమని అడిగే పేద శ్రామికులూ ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్తలు 2023 డిసెంబరు 12న సమ్మె మొదలుపెట్టి నలభై రోజులకు పైగా చేశారు. ఆ సమ్మె ముగింపులో ప్రభుత్వం ఒప్పుకున్నవాటిలో విరమణ వయసును 62కి పెంచడం కూడా ఉంది. వాళ్లకు అదనంగా పనిచేయాలని సరదానా? నెలనెలా పెన్షన్ లేదు. చేతిలో ఏదో కొంత పెట్టి పంపిస్తే అది ఎన్నాళ్లు వస్తుంది? వాళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉందని చెప్పడానికి 2022 ఏప్రిల్ దాకా, సుప్రీంకోర్టు దాకా, వెళ్లవలసి వచ్చింది. ముందు నుయ్యి వెనక గొయ్యి అన్నట్లు ఉన్న మనిషి 'ఇంకో రెండేళ్లు ఉండనివ్వండి' అంటే, దాన్ని పని మీద మోజుగా లెక్కవేసి, 'శ్రామికులే కోరుకుంటున్నారు' అని చెప్పడం అన్యాయం.

ఇది మన దగ్గరే ఉన్న గొడవ అనుకోకండి. 2023లో ఫ్రాన్స్ ప్రభుత్వం విరమణ వయసును 62 నుంచి 64కి పెంచే చట్టం తెచ్చింది. దిగువ సభలో తుది ఓటింగ్ లేకుండా, రాజ్యాంగంలోని ప్రత్యేక నిబంధన వాడి గట్టెక్కించింది. లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. వాళ్ల కోపానికి ఒక అంకె చాలు. ఆ దేశపు గణాంక సంస్థ లెక్కల ప్రకారం అత్యంత సంపన్నులైన అయిదు శాతం మగవారికీ, అత్యంత పేదలైన అయిదు శాతం మగవారికీ మధ్య ఆయుర్దాయంలో పదమూడేళ్ల తేడా ఉంది. పేదవాడి విశ్రాంతిలో రెండేళ్లు కోస్తే, మిగిలేదే కొంచెం కాబట్టి, ఆ కోత ఎంతో పెద్దది. అంతకుముందు 2017లోనే అక్కడ బరువులు మోయడం, వంగి పనిచేయడం, యంత్రాల కుదుపులు, రసాయనాలు అన్న నాలుగింటినీ కష్టమైన పనిగా లెక్కించి పాయింట్లు ఇచ్చే ఖాతా నుంచి తీసేశారు. ముందు కష్టాన్ని జాబితాలోంచి తీసి, తర్వాత వయసు పెంచారు. ఆ వరస గమనించండి.

[తెరపై: మళ్లీ వ్యాఖ్యాత. వెనక గోడకు పాత ఖాకీ చొక్కా వేలాడుతోంది.]

నేను కోరేది పెద్ద కోరికేమీ కాదు. ఒళ్లు అరిగే పనులకు విడిగా వయసు ఉండాలి. యాభై అయిదో, యాభై ఎనిమిదో, పనిని బట్టి. ఆ వయసుకు వెళ్లిపోయినా పెన్షన్ తగ్గకూడదు. ఉండగలిగినవారు, ఉండాలనుకునేవారు ఉండవచ్చు, తేలికైన పనిలో. పెంపు ప్రకటించే ముందు ఆ పని చేసేవారిని అడగాలి. గీత కార్మికుడికి యాభై అని రాయగలిగిన ప్రభుత్వానికి ఇది రాయడం చేతకాని పని కాదు.

ఈ చొక్కా మా నాన్నది. ఆయన ఆర్టీసీ డ్రైవరు. 58కి విరమణ చేశారు. చివరి ఏళ్లలో డ్యూటీ దిగి ఇంటికొస్తే, గడప దాటడానికి ఒక చేత్తో తలుపు పట్టుకునేవారు. క్లచ్ తొక్కిన ఎడమ కాలు వంగేది కాదు. 2019లో తెలంగాణ ఆర్టీసీలో 52 రోజుల సమ్మె జరిగింది. అది ముగిశాక డిసెంబరు 1న ముఖ్యమంత్రి ఆర్టీసీ విరమణ వయసు 60కి పెంచుతున్నామని ప్రకటించారు. ఆ వార్త టీవీలో మేమిద్దరం కలిసే చూశాం. ముందు సంతోషపడ్డారు. "పోనీలే, వాళ్ల పిల్లల పెళ్లిళ్లకు అక్కరకొస్తుంది" అన్నారు. తన ఎడమ మోకాలి మీద చేయి వేసుకుని కాసేపు ఊరుకున్నారు. తర్వాత నావైపు తిరిగి అడిగారు.

"ఆ రెండేళ్లూ స్టీరింగ్ మీదేనా, లైట్ డ్యూటీ ఏమైనా ఇస్తారటనా?"

టీవీలో అప్పటికి వేరే వార్త వస్తోంది.

[తెరపై: ఖాళీ డ్రైవరు సీటు. అరిగిపోయిన క్లచ్ పెడల్. చీకటి.]